హనౌమా బే: నడుం లోతు నీళ్లలో పగడపు దిబ్బ

హనౌమా బే హవాయి దీవుల్లోని ఓఅహు ద్వీపానికి ఆగ్నేయ మూలన ఉన్న చిన్న అఖాతం. హోనొలులు నగరపు వైకీకీ బీచ్ నుంచి ఇది 16 కిలోమీటర్ల దూరం. దీన్ని పార్కుగా నడుపుతున్నది నగర ప్రభుత్వమే. ఒడ్డు నుంచి నాలుగు అడుగులు వేస్తే నీళ్లు నడుం దాకా వస్తాయి. అక్కడే ముఖం నీళ్లలో పెట్టి చూస్తే పగడాలు, చేపలు, అప్పుడప్పుడు తాబేళ్లు కనిపిస్తాయి. పడవ ఎక్కనక్కర్లేదు, వీపున గాలి సిలిండర్ మోయనక్కర్లేదు. కళ్లకు అద్దం మాస్క్, నోట్లో గాలిగొట్టం, కాళ్లకు రబ్బరు ఫిన్స్ ఉంటే చాలు. స్నార్కెలింగ్ అంటే ఇంతే. లోతు తక్కువగా ఉండటం వల్లే ఇక్కడికి ఇంతమంది రాగలిగారు. ఈ దిబ్బకు వచ్చిన కష్టాల్లో చాలా భాగం కూడా ఆ లోతు లేకపోవడం వల్లే వచ్చింది.

ఈ అఖాతం ఒకప్పటి అగ్నిపర్వత బిలం. భూగర్భం నుంచి పైకి వచ్చిన శిలాద్రవం నీటిని తాకినప్పుడు నీరు ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది. లావా నెమ్మదిగా పారే పెద్ద అగ్నిపర్వతాల్లా కాక, ఇక్కడ బూడిద, రాతి తునకలు ఎగసి బిలం చుట్టూ గోడలా పేరుకున్నాయి. కాలక్రమంలో ఆ బూడిద గట్టిపడి రాయయింది. పక్కనే ఉన్న కోకో క్రేటర్, కోకో హెడ్ కొండలు కూడా అదే వరుసలో పుట్టినవి. తర్వాత అలలు ఆగ్నేయపు గోడను కోసేయడంతో సముద్రం లోపలికి వచ్చింది. అందుకే అఖాతం గుర్రపునాడా ఆకారంలో, మూడు వైపులా నిటారైన కొండగోడలతో ఉంటుంది. ఆ గోడల రాతిలో ఉన్న ఒలివైన్ అనే ఆకుపచ్చ ఖనిజం రేణువులుగా రాలి ఇసుకలో కలుస్తుంది. బీచ్‌లో గుప్పెడు ఇసుక తీసుకుని ఎండలో చూస్తే తెల్లటి రేణువుల మధ్య ఆ పచ్చదనం తెలుస్తుంది. తెల్లటి రేణువులేమో పగడాలవి, గవ్వలవి, సున్నం పట్టిన నాచువి. ఒకే గుప్పెట్లో అగ్నిపర్వతమూ ఉంది, సముద్రమూ ఉంది.

దిబ్బ మాత్రం బిలం కంటే చాలా చిన్నది. గత మంచుయుగం ఉధృతంగా ఉన్నప్పుడు, అంటే సుమారు 20 వేల ఏళ్ల కిందట, సముద్ర మట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కింద ఉండేది. మంచు కరిగేకొద్దీ మట్టం పెరిగింది. 1970లలో శాస్త్రవేత్తలు హనౌమా దిబ్బలో రంధ్రాలు వేసి నమూనాలు తీసి, రేడియోకార్బన్ పద్ధతిలో వాటి వయసు లెక్కగట్టారు. దిబ్బ ఎదుగుదల సుమారు 7 వేల ఏళ్ల కిందట మొదలైందని తేలింది. పెరుగుతున్న సముద్రాన్ని అందుకుంటూ పగడాలు ఒకదాని మీద ఒకటి పైకి కట్టుకుంటూ వచ్చాయి. నీటి ఉపరితలానికి చేరువయ్యాక ఇక పైకి పెరగడానికి చోటు లేదు. పెరుగుదల సముద్రం వైపు మళ్లింది. ఇప్పుడు సందర్శకుల పొట్ట కింద ఉండే చదునైన భాగం అలా ఏర్పడింది.

పగడం చూడటానికి రాయిలాగే ఉంటుంది. దాని పైపొరలో మాత్రమే ప్రాణం ఉంటుంది. పాలిప్ అనే చిన్న మెత్తటి జీవి నీటిలోని కాల్షియాన్ని, కార్బొనేట్‌ను తీసుకుని తన కింద సున్నపు గిన్నె కట్టుకుంటుంది. వేల పాలిప్‌లు పక్కపక్కనే చేరి ఒక్క పలుచని తోలులా రాతి మీద పరుచుకుంటాయి. వాటి కణాల్లో సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. ఎండలో అవి పిండిపదార్థం తయారుచేస్తాయి. అందులో ఎక్కువ భాగం పగడానికే అందుతుంది. పగడం రంగు కూడా చాలావరకు వాటిదే. పగడానికి వెలుతురు ఎందుకు కావాలో, స్వచ్ఛమైన నీరు ఎందుకు కావాలో దీన్నిబట్టి అర్థమవుతుంది. నీరు మురికిగా ఉంటే ఎండ అందదు. బురద మీద పడితే పాలిప్‌లకు ఊపిరాడదు.

వెచ్చదనమొక్కటే సరిపోదు. హోనొలులు విశాఖపట్నం కంటే ఉత్తరాన ఉంది. వెచ్చదనమే చాలేటట్లయితే ఆంధ్ర తీరం పొడవునా పగడపు దిబ్బలు ఉండాలి. గోదావరి, కృష్ణలు, ఇంకా ఎగువన గంగ, మహానది బంగాళాఖాతంలోకి మోసుకొచ్చే ఒండ్రు, వర్షాకాలంలో ఉప్పు పలచబడిపోయే నీరు పెద్ద దిబ్బలు కట్టడానికి అడ్డుపడతాయి. భారతదేశంలో పెద్ద దిబ్బలు లక్షద్వీప్‌లో, అండమాన్ నికోబార్ దీవుల్లో, మన్నార్ సింధుశాఖలో, కచ్ సింధుశాఖలో ఉన్నది అందుకే. హనౌమా అఖాతంలో పెద్ద నది కలవదు. చుట్టూ సముద్రంలో పోషకాలు తక్కువ. ఆ పేద నీరే పగడానికి అనుకూలం, ఎందుకంటే పోషకాలు ఎక్కువైతే నాచు వేగంగా పెరిగి పగడాన్ని కప్పేస్తుంది.

ఒడ్డు నుంచి సముద్రం వైపు వెళ్తుంటే దిబ్బ రూపం మారుతూ ఉంటుంది. మొదట ఇసుక, తర్వాత చదును దిబ్బలో గుంటల్లాంటి మడుగులు. వాటిలో పెద్దదాన్ని తాళపుచెవి రంధ్రం ఆకారంలో ఉంటుందని ఇక్కడివారు కీహోల్ అంటారు. దాని అడుగున ఇసుక ఉంటుంది కాబట్టి కొత్తవారికి అదే సరైన చోటు. ఈ లోపలి భాగంలో సజీవ పగడం తక్కువ. రాతిని పట్టి ఉండేది ఎక్కువగా గులాబీ రంగు సున్నపు నాచు, చిన్న పచ్చినాచు. దిబ్బ అంచు దాటి బయటి వాలు మీదికి వెళ్తే లోతు పెరుగుతుంది, సజీవ పగడమూ పెరుగుతుంది. గుండ్రటి గుట్టల్లా ఉండే లోబ్ పగడం, పూరేకుల గుత్తిలా ఉండే కాలీఫ్లవర్ పగడం, పరుచుకున్నట్టుండే రైస్ పగడం అక్కడ సాధారణం. లోబ్ పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మనిషి ఎత్తు గుట్ట కనిపిస్తే దాని వయసు శతాబ్దానికి పైమాటే.

బయటి అంచు దగ్గర నీటి కదలిక వేరు. బయటి నుంచి వచ్చిన కెరటాలు అంచున విరిగి నీటిని లోపలికి నెడతాయి. అలా లోపల చేరిన నీరు మళ్లీ బయటకు పోవాలి. దిబ్బ మీదుగా పోవడానికి కెరటాలే ఎదురు. అందుకే అది దిబ్బలోని సందుల గుండా బలంగా పారుతుంది. 1950లలో పసిఫిక్ టెలిఫోన్ కేబుల్ ఒడ్డుకు చేర్చడానికి దిబ్బను పేల్చి తవ్విన కాలువ అలాంటి దారుల్లో ఒకటి. అలలు పెద్దగా ఉన్న రోజున ఆ కాలువల్లోకి వెళ్లినవారిని ప్రవాహం బయటకు లాక్కుపోగలదు. వేసవిలో ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. అప్పుడు దక్షిణార్ధగోళంలో శీతాకాలం. అక్కడి తుఫానులు లేపిన అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి ఆగ్నేయం వైపు తెరుచుకున్న ఈ అఖాతంలోకి వస్తాయి. ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉన్న రోజున కూడా కెరటాలు ఎత్తుగా లేవవచ్చు. ఆకాశాన్ని కాక, లైఫ్‌గార్డులు ఎగరేసే జెండాలను, పెట్టే బోర్డులనే నమ్మాలనడానికి కారణం ఇదే.

నీళ్లలో కన్ను తెరిస్తే అంతా మసకగా కనిపిస్తుంది. గాలి నుంచి కంటిలోకి వెలుతురు ప్రవేశించేటప్పుడు కంటిముందరి పారదర్శక పొర, కార్నియా, దాన్ని బాగా వంచుతుంది. కంటి మొత్తం శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు ఆ పొరదే. కార్నియాకు, నీటికి వక్రీభవన గుణకాల్లో తేడా స్వల్పం కాబట్టి నీళ్లలో ఆ శక్తి దాదాపు పోతుంది. మాస్క్ చేసే పని కంటి ముందు మళ్లీ గాలి ఉంచడమే. అయితే నీటి నుంచి అద్దం గుండా గాలిలోకి వచ్చే కిరణాలు వంగుతాయి. దానివల్ల వస్తువులు అసలు దూరంలో నాలుగింట మూడు వంతుల దూరంలోనే ఉన్నట్టు, మూడో వంతు పెద్దవిగా ఉన్నట్టు కనిపిస్తాయి. మూడు మీటర్ల దూరాన ఉన్న తాబేలు రెండుంబావు మీటర్లలోనే ఉన్నట్టు తోస్తుంది. రంగుల విషయంలో నీరు ఎర్ర వెలుతురును ముందుగా మింగేస్తుంది. నడుం లోతులో ఆ తేడా పెద్దగా తెలియదు. లోతు తక్కువైన దిబ్బ మీద రంగులు అంత నిండుగా కనిపించడానికి ఇదొక కారణం. సిలిండరుతో లోతుకు దిగేవారు లైటు వేసుకుని చూడాల్సిన ఎరుపును ఇక్కడ ఎండే చూపిస్తుంది.

గాలిగొట్టం పొడవు సాధారణంగా 40 సెంటీమీటర్లు దాటదు. మీటరు పొడవు గొట్టం పెడితే మీటరు లోతున ఉండి ఊపిరి పీల్చవచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. ఒక మీటరు లోతున నీరు ఒత్తే ఒత్తిడి వాతావరణ పీడనంలో పదో వంతు. గొట్టంలోని గాలి మాత్రం పైనున్న పీడనంలోనే ఉంటుంది. ఆ తేడాను జయించి ఛాతీని విప్పాలంటే కండరాలు తమ శక్తి చివరి అంచున పనిచేయాలి. అలా ఎవరూ ఎక్కువసేపు శ్వాసించలేరు. గొట్టం పొడవయ్యేకొద్దీ రెండో ఇబ్బంది కూడా వస్తుంది. వదిలిన గాలిలో కొంత గొట్టంలోనే మిగిలి, తర్వాతి శ్వాసతో తిరిగి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. అందులో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. అందుకే స్నార్కెల్‌తో గబగబా పైపైన కాక నిదానంగా, నిండుగా ఊపిరి తీసి వదలాలి.

హవాయికి వచ్చే సందర్శకుల నీటిమునక మరణాల్లో ఎక్కువ స్నార్కెలింగ్ చేస్తుండగా జరుగుతున్నవే. నీళ్లు మింగి ఉక్కిరిబిక్కిరి కావడమే కారణమని చాలాకాలం అనుకున్నారు. హవాయిలో వైద్యుల బృందం ఈ ఘటనలను పరిశీలించినప్పుడు వేరే చిత్రం బయటపడింది. చాలామంది చేతులు కొట్టుకోలేదు, కేకలు వేయలేదు; నిశ్శబ్దంగా బలహీనపడ్డారు. గొట్టం గాలికి కలిగించే అడ్డు వల్ల ఊపిరి లాగినప్పుడల్లా ఛాతీలో పీడనం బాగా పడిపోతుంది. దాంతో రక్తనాళాల్లోని ద్రవం ఊపిరితిత్తుల్లోకి చేరి, శ్వాస ఆడక, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుందని వారు భావిస్తున్నారు. గుండెజబ్బు ఉన్నవారికి, శ్రమ ఎక్కువ చేసినవారికి ముప్పు ఎక్కువ. లోపలి వ్యాసం సన్నగా ఉండే గొట్టాలు, రకరకాల కవాటాలు బిగించినవి గాలిని మరింత అడ్డగించవచ్చు. సలహా చాలా సరళం: అకారణంగా ఆయాసం మొదలైతే వెంటనే గొట్టం తీసేసి, వెల్లకిలా తిరిగి, సాయం కోసం చెయ్యెత్తాలి. ఒంటరిగా వెళ్లకూడదు. కొత్తవారు కాలు ఆనేంత లోతులోనే ఉండాలి.

కాలు ఆనడం అన్న మాట దగ్గరే మనిషి భద్రతకు, పగడం క్షేమానికి ముడి పడుతుంది. ఆయాసం వచ్చినవారు సహజంగానే కాళ్లు కిందికి దించుతారు. కింద ఇసుక ఉంటే ఎవరికీ నష్టం లేదు. పగడం ఉంటే, మిల్లీమీటర్ల మందం ఉన్న ఆ సజీవ పొర పాదం బరువుకు, ఫిన్ అంచుకు చితికిపోతుంది. చితికిన చోట నాచు చేరుతుంది. నాచు చేరిన చోట కొత్త పాలిప్ అతుక్కోవడం కష్టం. మనిషికీ గాయం తప్పదు, పగడపు గీతలు త్వరగా మానవు. రాతి పగుళ్లలో సముద్రపు ముళ్లపందులు, మొరే ఈల్ చేపలు కూడా ఉంటాయి. కాబట్టి స్నార్కెలింగ్‌లో నేర్చుకోవలసిన అసలు విద్య ఈత కాదు, తేలడం. ఉప్పునీరు మంచినీటి కంటే సుమారు రెండున్నర శాతం బరువు. నిండా ఊపిరి ఉన్న శరీరం శ్రమ లేకుండానే దాని మీద నిలుస్తుంది. బోర్లా చదునుగా పడుకుని, మోకాళ్లు కాక తొడల నుంచి నెమ్మదిగా కాళ్లు ఆడించేవారి ఫిన్స్ అడుగుకు తగలవు. మాస్క్ సర్దుకోవడానికి నిలబడాలనుకుంటే ముందు ఇసుక ఎక్కడుందో చూసుకోవాలి.

హవాయి తీరజలాల చేపల్లో దాదాపు నాలుగో వంతు జాతులు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. దగ్గరి ఖండం కూడా మూడున్నర వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉండటం వల్ల, ఎప్పుడో ఇక్కడికి కొట్టుకొచ్చిన పిల్లచేపల సంతతి విడిగా పరిణామం చెందింది. హనౌమాలో అందరికంటే ముందు పలకరించే శాడిల్ రాస్ చేప అలాంటిదే: నీలి తల, నారింజ పట్టీ, పచ్చటి ఒళ్లు. చిన్న క్లీనర్ రాస్‌లు ఒకచోట స్థిరంగా ఉండి, వచ్చిన పెద్ద చేపల ఒంటి మీది పరాన్నజీవులను తింటాయి. ఆ చేపలు నోరు, మొప్పలు తెరిచి వంతు కోసం ఆగుతాయి. ఆ చోటు కనిపిస్తే దూరంగా ఆగి చూడటం మంచిది, మనిషి దగ్గరకు వెళ్తే వంతు చెదిరిపోతుంది. నల్లచారల మానిని చేపలు గుంపులుగా వచ్చి నాచు మేస్తాయి. హుముహుమునుకునుకుఅపుఆఅ అనే పొడవాటి పేరున్న ట్రిగ్గర్ చేప హవాయి రాష్ట్ర చేప.

వీటన్నిటిలో ఎక్కువ గౌరవం దక్కవలసింది చిలుకచేపకు, హవాయి భాషలో ఉహు. దాని పళ్లు కలిసిపోయి చిలుక ముక్కులా ఉంటాయి. వాటితో రాతిని కొరుకుతుంటే నీళ్లలో ఆ పటపట చప్పుడు వినిపిస్తుంది. నాచుతో పాటు సున్నాన్నీ మింగి, గొంతులోని రెండో పళ్ల వరుసతో పిండి చేసి, తిననిదాన్ని ఇసుకగా వదులుతుంది. పెద్ద చిలుకచేప ఏడాదిలో వందల కిలోల ఇసుక చేయగలదు. నాచును కత్తిరించి కొత్త పగడానికి చోటు ఖాళీ చేసేది కూడా అదే. చాలా జాతుల్లో చేపలు ఆడవిగా పెరిగి, తర్వాత మగవిగా మారి ముదురు నీలం, ఆకుపచ్చ రంగులు పొందుతాయి. రాత్రి కొన్ని చిలుకచేపలు నోటి నుంచి జిగురు స్రవించి, ఆ పారదర్శక సంచిలో నిద్రపోతాయి. పచ్చ సముద్రతాబేళ్లు కూడా మేతకు ఈ దిబ్బకు వస్తాయి. 1978 నుంచి వాటికి చట్ట రక్షణ ఉంది. కనీసం మూడు మీటర్ల దూరం ఉండాలన్నది అధికారుల సూచన. ఊపిరికి పైకి వచ్చే దారిలో మనుషులు అడ్డుగా ఉంటే తాబేలుకు ఇబ్బంది.

ఈ చేపలు ఇంత నిర్భయంగా తిరగడానికి కారణం 1967లో జరిగిన ఒక నిర్ణయం. ఆ ఏడాది హవాయి ప్రభుత్వం అఖాతాన్ని సముద్రజీవుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించి చేపల వేటను నిషేధించింది. రాష్ట్రంలో అలాంటిది అదే మొదటిది. వేట ఆగింది, చేపలు పెరిగాయి. వాటిని చూడటానికి జనం వచ్చారు. 1961లో ఎల్విస్ ప్రెస్లీ నటించిన 'బ్లూ హవాయి' సినిమాలో ఈ బీచ్ కనిపించడం కూడా ప్రచారానికి తోడైంది. 1980ల చివరికి సందర్శకుల సంఖ్య ఏడాదికి 30 లక్షల దాకా వెళ్లిందని అంచనా. కొన్ని రోజుల్లో పదివేల మంది వచ్చేవారు. అంతమంది పాదాలు లేపిన ఇసుకతో నీరు మసకబారేది, ఒంటి మీది సన్‌స్క్రీన్ నీటి మీద జిడ్డుపొరగా తేలేది. చేపలకు రొట్టె, గడ్డకట్టిన పచ్చిబఠాణీలు వేయడం అలవాటైపోయింది. బఠాణీకి మరిగిన చేపలు నాచు మేయడం తగ్గిస్తాయి, మనుషుల వేళ్లు కొరుకుతాయి, దూకుడు జాతులు మిగతావాటిని తరిమేస్తాయి. చేపల వేటను ఆపిన చట్టం, చేపల మీద ప్రేమతో వచ్చినవారి రద్దీని ఆపలేకపోయింది.

1990 నుంచి నగర ప్రభుత్వం వరుసగా అడ్డుకట్టలు వేసింది. టూర్ బస్సులను కట్టడి చేసింది, ప్రవేశ రుసుము పెట్టింది, వారానికో రోజు మూసేసింది. 1999లో చేపలకు మేత వేయడాన్ని నిషేధించింది. 2002లో కొండ అంచున విద్యా కేంద్రం తెరిచింది. నీళ్లలోకి దిగేముందు సందర్శకులు అక్కడ చిన్న వీడియో చూడాలి. పగడం మీద నిలబడవద్దు, మేత వేయవద్దు, తాబేళ్లను తాకవద్దు అని అందులో చెబుతారు. పర్యాటక ప్రదేశాల్లో ఇది నకలు చేయదగిన ఏర్పాటు. నిషేధాల బోర్డు చదివించడం కంటే, నిషేధం ఎందుకో నీళ్లలోకి దిగబోయే క్షణంలో చెప్పడం వల్ల ఫలితం ఎక్కువ.

2020 మార్చిలో కోవిడ్ కారణంగా పార్కు మూతపడి డిసెంబరులో తెరుచుకుంది. హవాయి సముద్రజీవశాస్త్ర సంస్థ పరిశోధకులకు ఆ నెలలు అనుకోని ప్రయోగమయ్యాయి. నీటి స్పష్టత గణనీయంగా మెరుగుపడింది. పెద్ద చేపలు తీరానికి మరింత చేరువగా రావడం కనిపించింది. తిరిగి తెరిచాక రోజువారీ సంఖ్యకు పరిమితి పెట్టారు, ఆన్‌లైన్‌లో ముందుగా సమయం తీసుకునే పద్ధతి తెచ్చారు. తర్వాత ఆ పరిమితి సుమారు 1,400 దగ్గర స్థిరపడింది, వారంలో సోమ, మంగళవారాలు సెలవయ్యాయి. పదివేల నుంచి పధ్నాలుగు వందలకు రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

సన్‌స్క్రీన్ల సంగతి కొంత వివాదాస్పదం. ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలు పగడాల లార్వాలకు హాని చేస్తాయని ప్రయోగశాలలో తేలింది. సముద్రంలో అవి ఉండే మోతాదుల్లో అంత హాని ఉంటుందా అన్నదానిపై శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. హవాయి 2018లో వాటి అమ్మకాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అది 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పొడుగు చేతుల ఈతచొక్కా వేసుకుంటే ఈ చర్చతో పనే లేదు. స్నార్కెలింగ్‌లో ఎండ తగిలేది ఎక్కువగా వీపుకు, పిక్కలకు. అక్కడ బట్ట ఏ మందుకన్నా బాగా పనిచేస్తుంది.

వేడి ముందు ఇవేవీ పనిచేయవు. నీరు ఆ ప్రాంతపు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ సెల్సియస్ ఎక్కువగా కొన్ని వారాలు ఉంటే చాలు, పగడం తనలోని శైవలాలను వెళ్లగొడుతుంది. రంగు పోయి, కింది సున్నపు అస్థిపంజరం తెల్లగా బయటపడుతుంది. తెల్లబడిన పగడం ఇంకా చావలేదు, ఆకలితో ఉంది. వేడి త్వరగా తగ్గితే శైవలాలు తిరిగి చేరతాయి. తగ్గకపోతే పగడం చనిపోతుంది. 2014, 2015లలో హవాయిలో వరుసగా రెండేళ్లు ఇది జరిగింది. 2015 అక్టోబరులో హనౌమా పగడాల్లో దాదాపు సగం తెల్లబడ్డాయి, సుమారు పదో వంతు చనిపోయాయి. మిగతావి కోలుకున్నాయి. వేడి ఎంత ఎక్కువైంది, ఎన్ని వారాలు నిలిచింది అన్న రెండింటినీ కలిపి ఉపగ్రహాల సాయంతో లెక్కించే పద్ధతి అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవాకు ఉంది. ఆ లెక్క నాలుగు డిగ్రీ-వారాలకు చేరితే తెల్లబడటం, ఎనిమిదికి చేరితే పెద్దఎత్తున మరణాలు ఉండవచ్చని హెచ్చరిస్తారు. హవాయిలో నీరు బాగా వేడెక్కే ఆగస్టు నుంచి అక్టోబరు వరకు ఆ అంకెలను పరిశోధకులు వారం వారం చూస్తుంటారు. పాదాల తొక్కుడు లేని, స్వచ్ఛమైన నీటిలోని పగడానికి కోలుకునే అవకాశం మెరుగ్గా ఉంటుంది కాబట్టి, ఆ నెలల్లో కూడా హనౌమాలో నగరం చేతిలో ఉన్న పని సందర్శకుల సంఖ్యను పరిమితం చేయడం, వారి పాదాలను ఇసుక మీదే ఉంచడం.